పర్మిట్‌లో రెండో పేరు

జూలైలో వీచే ఆడి మాసపు గాలికి మా కొట్టు బోర్డు ఒక పక్క ఊడి వేలాడుతోంది. నేను నిచ్చెన ఎక్కి దానికి తీగ బిగిస్తున్నాను. కింద కౌంటర్ దగ్గర నా భార్య యోగిత ఫోన్ పట్టుకొని అరుణాచల్ ప్రదేశ్ ప్రభుత్వం వారి పేజీ చూస్తోంది. పక్కన స్టూలు మీద మా సైకిల్ క్లబ్ పెద్ద రంగరాజన్ అన్న టీ గ్లాసుతో కూర్చున్నాడు.

తమిళ నేల మీద తెలుగు మాట్లాడే ఇల్లు మాది, పోదనూరు బజారులో సైకిళ్ళ కొట్టు. మా తాత కాలం నుంచీ ఉంది. క్లబ్ వాళ్ళ సైకిళ్ళన్నీ నా చేతిలోనే బాగుపడతాయి. ఆ ఏడాది వాళ్ళు తవాంగ్ దాకా తొక్కాలని నిర్ణయించుకున్నారు. చైనా సరిహద్దు దగ్గరి ఊరు. బయటి రాష్ట్రాల వాళ్ళు అక్కడికి పోవాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. అందరికీ వచ్చేసింది. వాళ్ళతో కలిసి తొక్కే యోగిత పేరు ఒక్కటే మిగిలింది.

"ఈ పేజీ ఇండియా వాండ్లకు మాత్రమేనంట," అంది యోగిత.

ఆమె పుట్టింది మలేసియాలో. బాగన్ దాతో వైపు కొబ్బరి తోటల మధ్య తెలుగువాళ్ళ ఊళ్ళు కొన్ని ఉన్నాయి. అక్కడి పిల్ల. ఒక సైకిల్ జట్టుకు మెకానిక్‌గా నేను పెనాంగ్ పోయినప్పుడు పరిచయమైంది. పెళ్ళి చేసుకొని పోదనూరు వచ్చి పన్నెండేళ్ళు దాటింది. మాకు త్రిష అని ఒక కూతురు. యోగిత మాత్రం తన దేశపు పాస్‌పోర్టు వదులుకోలేదు. ఇక్కడ ఉండడానికి, పరదేశపు పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉంది, ఆధార్ ఉంది. బజారులో ఎవరికీ ఆమె పరాయి దేశం మనిషని గుర్తే ఉండదు.

రంగరాజన్ అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మణీ, నీ కాడ ఆధార్ ఉండాది కదా? దాన్ని పెట్టేసి ఇండియన్ అని టిక్ కొట్టేయి. గేట్ కాడ పాస్‌పోర్ట్ ఎవురు అడగతారు? నిన్ను చూస్తే మన పోదనూరు ఆడమనిషే."

"అడగరన్నా. అయినా అది అబద్ధం కదా?"

"చిన్న అబద్ధమే దా."

"పట్టుకుంటే నా కార్డే పీకేస్తారు. పట్టుకోకపోయినా సరే, ఆ కొండ నేను నా పేరుతోనే ఎక్కాల."

ఆమె ఆ మాట గట్టిగా అనలేదు. గొలుసుకు నూనె వేయమని చెప్పినట్టు చెప్పింది. రంగరాజన్ అన్న నా వైపు చూశాడు. నేను నిచ్చెన మీద తీగ మెలితిప్పుతూ ఉండిపోయాను. యోగిత గురించి నాకు ఒకటి తెలుసు. వాల్పారై కొండ దారి మలుపులు సైకిల్ మీద మొదటిసారి ఎక్కినప్పుడు సగంలో వాంతి చేసుకుంది. నోరు కడుక్కొని, "ఇంకా ఎన్ని మలుపులు?" అని మాత్రం అడిగింది. తవాంగ్ దారిలో సేలా అనే కనుమ ఉంది. దాన్ని సొంతకాళ్ళతో ఎక్కి అవతలికి దిగాలని ఆమె కోరిక. ఎందుకని నేను అడగలేదు. ఎక్కాలనుకునే మనిషిని కారణం అడిగితే ఏం చెబుతుంది?

ఆ సాయంత్రం మా అమ్మ తంగమ్మ వంటింటి గడప మీద కూర్చొని చిన్న ఉల్లిపాయలు వలుస్తోంది. అమ్మది అన్నూరు. రైతుబిడ్డ. ఏ సంగతైనా ఒక్క దెబ్బతో తేల్చేయాలంటుంది.

"ఈ దేశం మనిషిగా మారిపోతే అయిపోయె కదా కన్నూ? ఇన్నేండ్లు ఈడ ఉండావు. ఆ పాస్‌పోర్ట్‌ని ఇంకా ఎందుకు పట్టుకొని ఉండావు? ఆడ నీకేముండాది?"

"మా నాయన ఉండాడు అత్తా."

"ఉండనీ. పాస్‌పోర్ట్ మారితే నాయన మారిపోతాడా?"

నేనూ కల్పించుకున్నాను. "అమ్మ చెప్పేది సరే కదా యోగీ. పెండ్లి అయి ఇన్నేండ్లు ఈడే ఉండావు. అర్జీ పెట్టుకుంటే ఇస్తారు. తర్వాత ఏ గేట్ కాడా నిలబడే పని లేదు."

యోగిత చపాతీ కర్ర పక్కన పెట్టింది. "నేను ఎట్ల ఉండానో అట్లే పోయేకి దోవ ఉండాదా అని చూస్తానండీ. లేదంటే పోను. ఒక కొండ ఎక్కేదానికి మనిషి మారాలంటే ఆ కొండ నాకు వద్దు."

అమ్మ చేతిలోని ఉల్లిపాయ గిన్నెలో పడేసింది. "అట్లంటే ఇన్నేండ్లూ ఈ ఇంట్లో చుట్టంగానే దా ఉండావా?"

యోగిత మళ్ళీ చపాతీ కర్ర అందుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు అమ్మ కోడలితో నేరుగా మాట్లాడలేదు. "మీ అమ్మని తినేకి రమ్మను" అని త్రిషతో చెప్పేది. ఇద్దరూ ఒకే వంటింట్లో, చేయి చాచితే అందేంత దూరంలో ఉండేవాళ్ళు.

పరదేశస్తులకు వేరే పర్మిట్ ఉంది. రక్షిత ప్రాంతాల పర్మిట్. యోగిత గువాహటిలోని ఒక ఏజెంటును పట్టుకుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. మా ఊరి రైల్వే కాలనీ స్నేహాల వల్ల నాకు హిందీ వచ్చు. అందుకని నేనే మాట్లాడాను.

ఏజెంటు మర్యాదస్తుడే. నియమాలన్నీ చెప్పాడు. సొంతంగా దరఖాస్తు చేయడానికి లేదు, ఏజెన్సీ ద్వారానే రావాలి. వెంట గైడు ఉండాలి. అన్నిటికీ మించి, పరదేశస్తులు కనీసం ఇద్దరు ఉండాలి. ఒంటరి మనిషికి ఇవ్వరు.

"నేను భర్తను. నేనూ వస్తున్నాను," అన్నాను.

"మీరు ఇండియన్ సార్. మీరు లెక్కలోకి రారు."

తర్వాత గొంతు తగ్గించాడు. తన దగ్గర పాత ప్రయాణికుల పాస్‌పోర్టు కాపీలు ఉన్నాయట. ఎవరిదో ఒకటి రెండో పేరుగా పెడతాడట. గేటు దగ్గర, ఆ మనిషికి జ్వరం వచ్చి ఆగిపోయాడని చెబితే చాలట. అందరూ చేసేదే అన్నాడు.

నేను ఆ మాటలు తెలుగులో చెబుతుంటే యోగిత తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "వద్దని చెప్పండి. రెండో మనిషిని నేను తెస్తానని చెప్పండి. నిజం మనిషిని."

సైకిల్ వాళ్ళ గుంపుల్లో ప్రకటనలు పెట్టింది. జర్మనీ ఆడమనిషి ఒకామె వస్తానని, మోకాలు బాగాలేదని మానుకుంది. ఆగస్టు సగమై ఆవణి మాసం వచ్చింది. రంగరాజన్ అన్న వాళ్ళు ఇక ఆగలేమని టికెట్లు కొనుక్కున్నారు. యోగిత వాళ్ళ సైకిళ్ళకు టైర్లు మార్చడంలో నాకు సాయం చేసింది. ఒక్కొక్కటీ గాలి పట్టి, తుడిచి, అప్పగించింది.

ఒక ఆదివారం ఆమె వాళ్ళ నాన్నకు ఫోన్ చేసింది. ఆదివారాలు చేయడం మామూలే. తిన్నావా, మందు వేసుకున్నావా, వాన పడుతోందా, అంతే మాటలు. మా మామ దొరసామి గారు తోటల్లో సైకిల్ మీద ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. మా పెళ్ళికి రాలేదు. "మా తాత ఓడెక్కి ఈ దేశం వొచ్చినాడు. నువ్వు విమానమెక్కి ఎనక్కెల్లిపోతున్నావేటి?" అన్నారట. ఆ తర్వాత ఇటు రాలేదు. యోగిత ఆయన్ని ఏదీ అడగలేదు.

ఆ రోజు అడిగింది. నాన్నతో మాట్లాడేటప్పుడు ఆమె తెలుగే వేరు.

"నాన్నా, నీ పాస్‌పోర్టు బతికే ఉందా?"

"ఉంది. ఏటి?"

ఆమె అంతా చెప్పింది. అవతల ఎక్కడో కోడి కూసింది.

"అయితే నీకు నేనక్కర్లేదు. నా పాస్‌పోర్టు కావాలి."

"రెండూ కావాలి నాన్నా."

"కొండ నువ్వు తొక్కుతావు. నేనేటి సెయ్యాలి?"

"జీపులో కూకోవాలి. గేటు కాడ నీ పేరు పిలిస్తే పలకాలి."

"అంతేనా? పలుకుతాను."

ఫోన్ పెట్టేసి యోగిత కొట్టు వెనక్కి పోయింది. పంపు గొట్టం దగ్గర ముఖం కడుక్కొని చాలాసేపటికి గానీ రాలేదు.

తిరుచ్చి విమానాశ్రయంలో దిగిన దొరసామి గారు నేను ఊహించినంత పొడుగు కాదు. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా, కాళ్ళకు కాన్వాసు బూట్లు. కూతురిని చూసి, "సిక్కిపోయావేటి?" అన్నారు. త్రిష తల మీద చేయి పెట్టి తీయడం మరిచిపోయారు. పోదనూరు వచ్చేదాకా కిటికీలోంచి మైలురాళ్ళు చూస్తూ కూర్చున్నారు.

మా ఇంటి ముందు దిగి అమ్మకు చేతులు జోడించారు. "ఏటి సెల్లెమ్మా, కులాసాయేనా?"

అమ్మ బదులు నమస్కారం పెట్టి, నా చెవిలో తమిళంలో అడిగింది, ఈయన ఏ యేటి గురించి అడుగుతున్నారని. మా నొయ్యల్ ఏరు సంగతి అనుకుంది. అది చెవిన పడి యోగిత పక్కున నవ్వింది. చాన్నాళ్ళ తర్వాత అమ్మ కోడలి ముఖంలోకి నేరుగా చూసింది.

మర్నాడు పొద్దున ఇడ్లీలు వడ్డిస్తూ అమ్మ మనసులో మాట ఆపుకోలేకపోయింది. "అన్నా, మీరు పెద్దవాండ్లు, మీరే చెప్పండి. ఈడ కాపురం చేస్తా ఉండే ఆడమనిషికి ఆ దేశం కాయితం ఎందుకు? మార్చుకో అంటే నామీద కోపం."

యోగిత చేతిలో చట్నీ గిన్నెతో నిలబడిపోయింది. దొరసామి గారు ఇడ్లీ తుంచడం ఆపారు.

"మా యమ్మ ఆ దేశంలోనే పుట్టింది సెల్లెమ్మా. తోటలో పుట్టిన పిల్లకి కాయితం ఎవుడిస్తాడు? ఎర్ర కార్డిచ్చినారు. ఎర్ర కార్డంటే, ఉండొచ్చు, గానీ ఆ దేశం సొంత మనిషివి కాదు. సొంత మనుషులకిచ్చే నీలం కార్డు కోసం ఆఫీసుల సుట్టూ తిరిగింది. ఈ కాయితం తే, ఆ బాస నేర్చుకో, మళ్ళీ రా అనేవోళ్ళు. నాకు నీలం కార్డు వొచ్చిన రోజు దానికి పసుపు రాసి దేవుడి కాడ పెట్టింది. తను మాత్రం ఎర్ర కార్డుతోనే పోయింది." ఆయన కొంచెం నీళ్ళు తాగారు. "ఈ పిల్ల పుట్టడమే నీలం కార్డుతో పుట్టింది. ఉంచుకుంటాదో, మార్చుకుంటాదో, దానిష్టం. నేను మార్చమనను, మార్చొద్దనను. అది ఎందుకు పట్టుకుందో మీకు తెలాలని సెప్పినాను, అంతే."

అమ్మ లోపలికి పోయి, ఆయన అడగకుండానే ఇంకో రెండు ఇడ్లీలు తెచ్చి వేసింది. మధ్యాహ్నం తిరుప్పూరు బస్సెక్కింది. సాయంత్రం ఎక్స్‌పోర్టు కంపెనీల్లో మిగిలిన ఉన్ని బనీన్లు సంచీ నిండా తెచ్చి కోడలి ముందు పోసింది.

"మీ నాయనకి ఏది సరిపోతాదో చూడు. నువ్వు రెండు తీసుకో. ఆడ చలి ఎక్కువంట."

అక్టోబరు చివర, ఐప్పసి నెలలో, రంగరాజన్ అన్న వాళ్ళు తిరిగి వచ్చాక, త్రిషను అమ్మ దగ్గర వదిలి మేము ముగ్గురం రైలెక్కాము. పర్మిట్ కాగితం మీద రెండు పేర్లు ఉన్నాయి. నాకు నా ఇన్నర్ లైన్ కాగితం వేరే. అరుణాచల్‌లోకి అడుగుపెట్టే భాలుక్‌పోంగ్ గేటు దగ్గర పోలీసు రెండు రిజిస్టర్లు తీశాడు. ఒకే ఇంటి మనుషులం, నేను ఒక పుస్తకంలో, వాళ్ళు ఇంకో పుస్తకంలో. పోలీసు మామ పేరు కూడబలుక్కొని చదివాడు. దొరసామి గారు టోపీ తీసి, బడిపిల్లాడిలా నిటారుగా నిలబడి, "ప్రెజెంట్ సార్!" అన్నారు. పోలీసు నవ్వాపుకోలేక ముద్ర వేశాడు.

మా గైడు పేమా, నలభై దాటిన, ఆ కొండల్లోని మోన్పా తెగ మనిషి. జీపు వెనక సీట్లు ఖాళీగా ఉన్నాయి, సంచులు దాంట్లో వేయమన్నాడు. యోగిత వేయలేదు. గుడారం, బట్టలు, పనిముట్లు అన్నీ తన సైకిల్‌కే కట్టుకుంది. "జీపు వెంట రావాలని రూలు ఉండాది, రానీ. నా బరువు మోయాలని రూలు లేదు కదా?" అంది. పేమా హిందీలో నన్నడిగాడు, మీ ఆవిడ ఎప్పుడూ ఇంతేనా అని. అవునన్నాను.

కామెంగ్ నది పక్కన మొదలైన ఎక్కుడు ఇక ఆగలేదు. యోగిత ముందు, మేము వెనక. కొండచరియలు విరిగిన చోట బురదలో సైకిల్ తోసుకుంటూ నడిచింది. లారీలు దుమ్ము కొట్టి పోయేవి. మలుపు మలుపుకీ దొరసామి గారు కిటికీలోంచి తల బయటపెట్టి ఆమె కాళ్ళ కేసి చూసేవారు. "తొందర పడట్లేదు. ఒకే లెక్కన తొక్కుతాంది. అలాగే తొక్కాలి," అనేవారు నాతో. తోట దారుల్లో ఏళ్ళ తరబడి తొక్కిన మనిషి కదా.

బొమ్డిలా అనే ఊరు చేరేసరికి ఆ ఎత్తుకు ఆయనకు తల తిరిగింది. తిన్నది కక్కేశారు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. పేమా ఆలస్యం చేయకుండా మమ్మల్నందరినీ, సైకిల్‌తో సహా, జీపులో ఎక్కించి అవతలి లోయలో ఉన్న దిరాంగ్‌కు దించాడు. అది కాస్త పల్లపు ఊరు. అక్కడి డాక్టరు ప్రాణవాయువు పెట్టి, రక్తపోటు చూసి, పడకలోంచి లేవొద్దన్నాడు. పైకి పోయే సంగతి తర్వాత చూద్దామన్నాడు.

పేమా ఆసుపత్రి వరండాలో నాకు మెల్లగా చెప్పాడు. పర్మిట్ ఇద్దరిది. ఒకరు వెనక్కి పోతే ఇంకొకరూ పోవాలి.

ఆ మాట నేను చెప్పగానే యోగిత బయటికి పోయి సైకిల్ మీది సంచుల పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. ఆమె ముఖంలో ఏడుపు లేదు, కోపం లేదు. ఒక పని ముగించే మనిషిలా ఉంది. కిటికీలోంచి దొరసామి గారు చూశారు. గొట్టం ముక్కు నుంచి తీసి పిలిచారు.

"ఏయ్. ఎందుకిప్పుతున్నావు?"

"దిగిపోదాం నాన్నా."

"నేను దిగుతానన్నానా?"

"నువ్వనక్కర్లేదు. నీ పేరు కోసం నిన్ను పోగొట్టుకుంటానా?"

"సావడానికి రాలేదే నేను. డాక్టరు ఏటన్నాడు? ఆగమన్నాడు. ఆగుదాం. పొమ్మంటే పోదాం. వొద్దంటే, అప్పుడు ఇప్పుదువుగాని." దగ్గు వచ్చి ఆగారు. "పలుకుతానని ఫోనులో సెప్పినాను. ఇంకా గేట్లున్నాయంట."

యోగిత పట్టీ పట్టుకొని అలాగే నిలబడింది. తర్వాత దాన్ని మళ్ళీ బిగించింది.

ఆగాము. పర్మిట్ రోజులు కరిగిపోతున్నాయి. యోగిత పొద్దున నదివైపు కాసేపు తొక్కి వచ్చి, మిగిలిన పగలంతా నాన్న మంచం పక్కనే ఉండేది. ఆయన గంజి తాగారు, తర్వాత అన్నం తిన్నారు, తర్వాత వరండాలో నడిచారు. డాక్టరు మళ్ళీ చూసి ఒక దారి చెప్పాడు. కనుమ మీదికి వద్దు. కింద సొరంగం వచ్చింది కదా, దాంట్లోంచి జీపులో దాటించండి, ఎత్తులో ఎక్కువసేపు ఉండనక్కర్లేదు. ఆయాసం వస్తే ఆ క్షణమే వెనక్కి దించేయాలి.

కానీ అలా చేస్తే ఇద్దరూ విడిపోతారు. పేమా తన ఆఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్ళు పర్మిట్ ఇచ్చిన అధికారిని అడిగారు. ఒక పూట ఎదురుచూశాక జవాబు వచ్చింది: గైడు సైకిల్ వెంట పోవచ్చు, జీపులో ఆమె తండ్రి వెంట భర్త ఉండాలి, తర్వాతి తనిఖీ చోటికి అందరూ కలిసే చేరాలి. పేమా సెంగే ఊళ్ళో తన బావమరిది మోటార్ సైకిల్ తీసుకున్నాడు.

మర్నాడు ఉదయం యోగిత కనుమ మీది పాత దారి పట్టింది. మేము సొరంగం దాటి, బాగా కిందికి దిగాక రెండు దారులూ కలిసే చోట జీపు ఆపుకొని కూర్చున్నాము. మామకు ఊపిరి బాగానే ఆడుతోంది. అయినా నేను మాటిమాటికీ అడుగుతుంటే విసుక్కున్నారు. మంచు దట్టంగా కమ్మింది. రోడ్డు నాలుగు బారల అవతల కనిపించడం లేదు. డ్రైవరు ఫ్లాస్కులోంచి టీ పోశాడు.

మామ అడిగారు. "అల్లుడూ, అది మీ ఇంట్లో ఏ తెలుగు మాటాడతాది?"

"మా తెలుగే మామా. ఉండాది, పోతా ఉండాను, అట్ల."

"నాతో మాత్రం మాదే మాటాడింది. ఇన్నేళ్ళూ ఫోనులో కూడా. ఒక్క ముక్క మారలేదు."

"అవును మామా."

ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకొని వేడి కాచుకున్నారు. "రెండూ ఉంచుకుంది, అయితే," అన్నారు.  ఆ తర్వాత సీటుకు ఆనుకొని, కాళ్ళు చాపుకొని కూర్చున్నారు. తిరుచ్చిలో దిగినప్పటి నుంచి ఆయన అలా కూర్చోవడం నేను చూడలేదు.

ముందు బ్రేకుల కీచుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత మంచులోంచి పసుపు కోటు, దాని వెనక పేమా బండి లైటు. యోగిత మా ముందుకు వచ్చి ఆపింది. పెదాలు పగిలి ఉన్నాయి. వేళ్ళు హ్యాండిల్ మీద నుంచి విడదీయలేకపోతోంది. నేను ఒక్కొక్క వేలూ పట్టి తీశాను. ఆమె ఎగరలేదు, అరవలేదు.

"పైన సరస్సు అంచులు గడ్డ కట్టుండాయి," అంది నాతో. నాన్న వైపు తిరిగి, "ఎక్కేసినాను నాన్నా," అంది.

దొరసామి గారు జీపు దిగారు. ముందు చక్రం దగ్గర వంగి రిమ్ము ముట్టుకొని చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "కాలిపోతాంది. దిగేటప్పుడు బ్రేకులు అదేపనిగా పట్టుకోకూడదని సిన్నప్పుడే సెప్పినాను కదే." అంటూనే తన మెడలోని మఫ్లర్ తీసి ఆమె తలకు చుట్టారు. చుట్టాక చేయి తీయలేదు. ఆమె ఆయన భుజం మీద నుదురు ఆనించింది. నేనూ పేమా, సైకిల్‌కు ఏదో పని ఉన్నట్టు గొలుసు చూస్తూ నిలబడ్డాము.

తవాంగ్ చేరాము. అక్కడి నుంచి బుమ్‌లా అనే సరిహద్దు కనుమకు ఇంకో అనుమతి కావాలి. అది ఇండియా పౌరులకు మాత్రమే. ఏ ఏజెన్సీ, ఏ రెండో పేరూ పనికిరావు. నేను పోనన్నాను.

"పోయి రాండి," అంది యోగిత. "నేను పోలేని చోటికి మీరూ పోకూడదా? పోయి దారి ఎట్ల ఉండాదో చూసి రాండి. మీ కండ్లతో నేనూ చూస్తాను."

నేను నా కాగితాలు పట్టుకొని అద్దె జీపులో పోయి వచ్చాను. రాగానే ఆమె నన్ను కూర్చోబెట్టి వరసగా అడిగింది. ఎక్కుడు ఎక్కడ నిలువుగా ఉంది, తారు ఎంత దూరం, రాళ్ళు ఎక్కడ మొదలయ్యాయి, మంచు ఏ పక్క కరగలేదు.

"నిన్ను ఎట్లైనా పోనియ్యరు కదా. ఇదంతా ఎందుకు?" అన్నాను.

"ఈ యేడు పోనియ్యరు," అంది.

పోదనూరు తిరిగి వచ్చాక మామ కొన్నాళ్ళు మాతో ఉన్నారు. పొద్దున్నే కొట్టుకు వచ్చి చక్రాల వంకర తీసేవారు. మధ్యాహ్నం అమ్మతో వాదం. అమ్మ చారుకు ఆయన మిరియాలు ఎక్కువనేవారు. ఆయన కొబ్బరి కూరకు అమ్మ ఏ వంకా పెట్టేది కాదు, ఊరికే రెండోసారి వడ్డించుకునేది. ఆయన తిరిగి పోయే రోజున తిరుచ్చికి అమ్మ కూడా వచ్చింది. లోపలికి పోతూ ఆయన, "సెల్లెమ్మా, ఈసారి మీరు రావాలి," అన్నారు. అందరూ అనే మాటే.

తిరుగుదారిలో వ్యాన్ కరూరు దాటాక అమ్మ నన్ను అడిగింది. "మణీ, ఆడికి పోవాలంటే ఏమేమి కావాల?"

"ఎక్కడికి?"

"మలేసియాకి."

డిసెంబరులో, మార్గళి చలిలో ఒక ఉదయం అమ్మను పాస్‌పోర్టు ఆఫీసుకు తీసుకుపోయాను. డెబ్బై ఏళ్ళ మనిషి, వేలిముద్రలకు చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కొని వచ్చింది. కొన్నాళ్ళకు విచారణకు ఇంటికి వచ్చిన కానిస్టేబుల్ తమిళంలో అడిగాడు, ఈ వయసులో ఆ దేశం ఎందుకమ్మా, అక్కడ ఎవరున్నారు అని. అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చొని తమిళంలోనే జవాబిచ్చింది. తన కోడలి పుట్టినిల్లు అక్కడ ఉందని, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పోయి చూడకపోవడం మర్యాద కాదని చెప్పింది. కాఫీ తెస్తున్న యోగిత గడప దగ్గర ఆగిపోయింది. అమ్మ అది చూసి, తెలుగులో, "ఎందుకు నిలబడితివి? చల్లారిపోతాది, ఇయ్యి," అంది.

పాస్‌పోర్టు వచ్చిన సాయంత్రం యోగిత సోఫాలో కూర్చొని ఫోన్‌లో టికెట్లు చూసింది. నలుగురికి. అమ్మ కళ్ళజోడు పెట్టుకొని ఆమె భుజం మీదుగా తెరలోకి వంగి, కిటికీ పక్క సీటు తనకే కావాలంది.